అల్ వుకైర్ చర్చికి ఉత్తరపు తలుపు

ఖతర్‌లో అల్ వుకైర్ దాటాక, విల్లాలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఒక చర్చి ఉంది. అందులో దేవుడు లేడు. ఎన్నడూ లేడు. దెయ్యం మాత్రం ఉందని బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపుల్లో ఏ గదిలో అడిగినా చెబుతారు.

పొద్దుగూకాక ఆ దారిన పోయే వాటర్ ట్యాంకర్లు కారణం లేకుండా హారన్ కొట్టుకుంటూ పోతాయి. ముజఫ్ఫర్ అలీ అనే డ్రైవర్‌కి సరిగ్గా అక్కడే టైరు పగిలింది. దిగి చూడను కూడా లేదు. రిమ్ము మీదే మెయిన్ రోడ్డు దాకా తోలుకుపోయాడు. రిమ్ము వంకర పోయింది, నేను వంకర పోలేదు, అది చాలు అన్నాడు.

లోపల ఎవరో మూలుగుతారట. సన్నగా మొదలై... లావెక్కి... కడుపునొప్పి వచ్చినవాడు దిండులో మొహం దాచుకుని ఏడ్చినట్టు. కాసేపు ఆగి — మళ్ళీ మొదలు.

నేను దెయ్యాలను నమ్మను. ఈ ముక్క ముందే చెబుతున్నాను, చివర్లో నన్ను ఎవరూ అడగొద్దు. రాజనర్సు నాకు ఎలా చెప్పాడో అలాగే చెబుతున్నాను. ఆఖరి ముక్క మాత్రం నా చెవులతో నేను విన్నది.

చర్చి సంగతి ముందు.

అసలు చర్చి ఇంగ్లండులో ఏదో పల్లెటూళ్ళో ఉంది. ఎనిమిది వందల ఏళ్ళ నాటిదట. మా కంపెనీకి పని ఇచ్చిన పెద్దమనిషి సెలవులకు వెళ్ళి దాన్ని చూశాడు, మనసు పారేసుకున్నాడు. అచ్చం అలాంటిదే ఇక్కడ లేపండి, లోపల కాఫీ హోటల్ పెడతాను అన్నాడు. శిలువ వద్దు, గంట వద్దు, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు దిగాలి. అదీ హుకుం.

అక్కడివాళ్ళు దాన్ని రెండు వందల ఏళ్ళు కట్టారట. తాత పునాది తీస్తే మనవడి మనవడు కప్పు వేశాడు. మావాళ్ళు రెండు చలికాలాల్లో లేపారు.

ఆ గోడలు చాలావరకు రాజనర్సు చేతివే. జగిత్యాల దగ్గరి మనిషి, మంచి మేస్త్రీ, వాస్తు పిచ్చి. నేను వాళ్ళ క్యాంపులో వంట చేస్తాను. అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆ పని గుర్తు చేసుకుని తిట్టేవాడు.

"గోడ వంకరగ కట్టుమన్నరే కాకా! అసల్ది ఒరిగిందట, మనది గూడ ఒరగాలెనట. తూకంగుండు వేసి మరీ వంకర తీసిన. మా నాయిన చూస్తే చెప్పుతోని కొడుతుండె."

అసలు చర్చిలో బురుజు పాతది, హాలు తర్వాతది. అందుకని బురుజుకు అడుగున మొరటు రాళ్ళు, గుండ్రటి కమానులు. హాలుకు మాత్రం మామిడాకు మొనలా పైకి కూచిగా పోయే కమానులు. రెంటికీ మధ్య నూరేళ్ళు తేడా. మావాళ్ళు రెండూ ఒకే వారంలో పోశారు. ఆ నూరేళ్ళను రంగులవాడు రెండు డబ్బాల్లో తెచ్చి పూశాడు.

గోడలకు బయట పెద్ద పెద్ద దిమ్మెలు ఆనించారు. రాతి కప్పు బరువుకు గోడలు బయటికి తోసుకుపోకుండా ఆ కాలపువాళ్ళు అలా కట్టేవారట. ఇక్కడి కప్పు జిప్సం బోర్డు. అది గోడను తోసేదేముంది, కింద ఎవరైనా గట్టిగా తుమ్మితే అదే ఊగుతుంది. అయినా దిమ్మెలు పెట్టారు. చూరు కింద వాననీళ్ళు కక్కే రాక్షసి మొహాలు కూడా పెట్టారు, ఫైబర్‌వి. వాన ముఖమే సరిగ్గా ఎరగని దేశంలో పాపం అవి నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి.

పని ముప్పాతిక అయ్యాక ఆ పెద్దమనిషి వెనిస్ వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చర్చి మీద మోజు పోయింది. ఇప్పుడు ఆయనకు కాలువలు కావాలి, పడవలు కావాలి.

పని ఆగిపోయింది. కిటికీలన్నిటికీ ప్లైవుడ్ కొట్టేశారు. హాలు మధ్యలో వాచ్‌మన్ కోసం ఒక పోర్టా క్యాబిన్ దించి ఏసీ బిగించారు. చేయడానికి మేస్త్రీ పని లేదు గనుక ఈ ఏడాది ఎండాకాలం మొదట్లో రాజనర్సును అందులో కూర్చోబెట్టారు. రాత్రి డ్యూటీ.

చాలారోజులు ఏమీ లేదు. హాయిగా ఉంది, క్యాంపులో గదికి పదిమంది గురక, ఇక్కడ ఒక్క నా గురకే అనేవాడు.

జూన్ వచ్చింది. గాలి లేచింది... ఆ రాత్రి మూలుగు మొదలైంది.

మొదట ఏసీ అనుకున్నాడు. ఏసీ ఆపాడు. మూలుగు ఆగలేదు. చెమట మాత్రం పట్టింది.

టార్చి తీసుకుని హాల్లోకి వచ్చాడు. పైన కమానుల ఊచలు తెరిచిన గొడుగు లోపలిభాగంలా కనిపిస్తున్నాయి. మూలుగు అక్కడ లేదు. బురుజు కిందికి వెళ్ళి మెడ ఎత్తాడు. చీకటి గొట్టం. ఆ గొట్టం నిండా — అదే. అతని తలమీద ఎవరో ఊపిరి పీల్చి, ఆపి... వదులుతున్నట్టు.

కిటికీలు చూశాడు. బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. పెద్ద తలుపుకు గడియ వేసి ఉంది.

"గాలి అనకు కాకా," అన్నాడు నాతో తెల్లారి. "నేను కట్టిన గోడ. గాలి దూర సందు లేదు."

కానీ రాజనర్సు అంత తేలిగ్గా పారిపోయే మనిషి కాదు. పెద్ద తలుపుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టాడు. క్యాబిన్లో హనుమంతుడి పటం పెట్టాడు. బురుజు కింద నిలబడి, "నీ డ్యూటీ నువ్వు చెయ్, నా డ్యూటీ నేను చేస్త," అని చెప్పి వచ్చి పడుకున్నాడు. అలాగే ఏళ్ళు గడిపేసేవాడేమో.

ఇల్లే లేకపోతే.

నలుగురికీ ఇళ్ళు కట్టిన మేస్త్రీ ఊళ్ళో ఇన్నాళ్ళకు తనకోసం ఒకటి కట్టించుకున్నాడు. ఇక్కడి నుంచే ఫోన్లో చెప్పి, ఒక్కో వాసం ఒక్కో గుమ్మం దిక్కు చూసి పెట్టించాడు. గృహప్రవేశానికి జ్యేష్ఠంలో ముహూర్తం కుదిరింది. అది తప్పితే ఆషాఢం. తర్వాత మూఢమట. భార్య ముత్తవ్వ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట.

"నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పాలు పొంగియ్యాల్నా? ఊరోళ్ళు ఏమనుకుంటరు? ఇల్లు దుబాయోనిది, మొగడు ఎవడో అనుకోరా?"

ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే.

రాజనర్సు సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాడు. కృష్ణప్రసాద్ గారిది భీమవరం వైపు. మాట మెత్తగానే ఉంటుంది, పనే జరగదు.

"లీవు ఇవ్వనని ఎవరన్నారయ్యా? నీ బదులు రాత్రిపూట ఉండేవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. రేపే విమానం ఎక్కించేస్తాను."

చూపించడమే కష్టం. ఆ చర్చి పేరు చెబితే క్యాంపులో అందరికీ ఒకేసారి నడుంనొప్పి వస్తుంది.

చివరకు తిరుమల్ సరేనన్నాడు. వాడు అందరికంటే ఎక్కువ మాట్లాడతాడు. "దెయ్యమా? ఏదీ, నా ముందలికి రమ్మనుండ్రి. లుంగీ ఊడగొట్టి పంపిస్త," అని గదిలో రొమ్ము చరుచుకున్నాడు. అలవాటు పడటానికి ఒక రాత్రి రాజనర్సుతో పాటు పడుకుంటానని వెళ్ళాడు. మూలుగు లావెక్కే సమయానికి దుప్పటి కప్పుకునే పరుగెత్తాడు. పెట్రోల్ బంకు దగ్గర ఆగేసరికి కాలికి ఒక చెప్పే ఉంది. లుంగీ సంగతి ఎవరూ అడగలేదు.

ముహూర్తం దగ్గరపడుతోంది.

ఆ సమయంలో తన్మయి మేడం వచ్చింది. చర్చి నక్షా గీసిన ఆర్కిటెక్ట్, హైదరాబాద్ అమ్మాయి. కట్టడాన్ని ఇంకెవరికైనా అంటగట్టాలని ఫోటోలు తీయిస్తున్నారు. పగటిపూట. రాజనర్సు వెనకే తిరుగుతున్నాడు. ఆమె ఉత్తరపు గోడ దగ్గర ఆగింది. అక్కడ తలుపు ఆకారంలో ఒక చిన్న కమాను, దాని నిండా బ్లాకులు.

"ఈ మూసేసిన తలుపు అంటే నాకు భలే ఇష్టం రాజనర్సు గారూ. దీని కథ తెలుసా మీకు?"

"తెల్వది మేడం. నక్షల మూసి ఉన్నది, మూసినం."

"అప్పట్లో పసిపిల్లకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు ఈ తలుపు తెరిచి పెట్టేవాళ్ళట. బిడ్డలో ఉన్న దెయ్యం ఇటునుంచి వెళ్ళిపోవాలని. దెయ్యం తలుపు అనేవాళ్ళు. తర్వాత చాలా ఊళ్ళలో రాళ్ళు పెట్టి మూసేశారు."

"ఎందుకు మేడం?"

"పోయింది మళ్ళీ లోపలికి రాకుండా అంటారు. కాదు, చలిగాలి కొట్టకుండా అని మా ప్రొఫెసర్ అనేవారు."

ఆ రెండో మాట రాజనర్సు చెవిలో పడలేదు. మొదటి మాటకే అతని చూపు కమాను పై వరుసకు పోయింది.

ఎందుకంటే... ఆ తలుపు అతను పూర్తిగా మూయలేదు.

నక్షాలో మూయమని ఉంది. కానీ ఉత్తరం కుబేరుడి దిక్కు. ఉత్తరం మొత్తానికి మూసేస్తే ఆ కట్టడం ఎలా బాగుపడుతుంది? నాలుగు కాలాలపాటు హోటల్ నడవాలని, పెద్దమనిషి మంచికోరి, ఎవరికీ చెప్పకుండా పై వరుసలో ఒక బ్లాకు పెట్టలేదు. కమాను మొన కింద, నీడలో ఉంది. బయట రాతి అంచు అడ్డం. తెలిసినవాడు వెతికితే తప్ప కనపడదు.

ఇంగ్లండువాడు దెయ్యానికి మూసిన దారి. జగిత్యాల మేస్త్రీ కుబేరుడికి తెరిచాడు. అందులోంచి ఎవరు వచ్చారో ఆ మూలుగే చెబుతోంది.

ఇక మనిషికి అన్నం సహించలేదు. సందు ఉంచితే దెయ్యం పోదు. దెయ్యం పోకపోతే రిలీవర్ రాడు. రిలీవర్ రాకపోతే గృహప్రవేశం లేదు. పోనీ మూసేద్దామంటే — కొత్త ఇంట్లో అడుగుపెట్టే ముందు తన చేత్తో ఉత్తరం మూస్తే కుబేరుడు ఊరుకుంటాడా? నేరుగా జగిత్యాల వెళ్ళి కొత్తింటి మీద కోపం తీర్చుకోడూ?

నన్ను అడిగాడు. "రెండూ లేవురా," అన్నాను. "నీకు ఏం తెల్వది కాకా," అన్నాడు. ముత్తవ్వను అడిగాడు.

ఫోన్ అవతల ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు.

"పిస లేసిందా నీకు? గా ఎండల కుబేరుడు ఏడుంటడు? ఎప్పుడో ఇంటికి పోయి ఉంటడు. మూసెయ్, విమానం ఎక్కు."

ఆ రాత్రే ఎక్కాడు. విమానం కాదు, నిచ్చెన.

బయట గాలి ఇసుకను గోడకేసి కొడుతోంది. బురుజులో మూలుగు ఎన్నడూ లేనంత గట్టిగా ఉంది. ఒక చేతిలో బ్లాకు, నడుముకు తాపీ, కింద తట్టలో సిమెంటు మాలు. నిచ్చెన చివరిమెట్టు మీద నిలబడి ఆ సందు దగ్గర మొహం పెట్టాడు.

మొహం మీద ఎవరో ఊదారు.

వెచ్చగా... ఇసుకతో సహా.

పడబోయి కమాను అంచు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, హనుమంతుణ్ణి తలుచుకుంటూ చేతి తడుముడు మీదే మాలు పూశాడు. బ్లాకు ఎత్తాడు. సందులోకి తోశాడు. సగం దూరగానే మూలుగు సన్నబడింది. ఇంకా తోశాడు — కీచుమని ఈల. తాపీ పిడితో ఒక్క దెబ్బ కొట్టాడు. బ్లాకు కూర్చుంది.

చర్చి మొత్తం... నిశ్శబ్దం.

నిచ్చెన మీదే ఉండిపోయాడట. కాసేపటికి నవ్వు వచ్చిందట. ఆ గాలిని ఇక్కడ షమాల్ అంటారు. అరబ్బీలో ఆ మాటకు ఉత్తరమని అర్థం, అటునుంచి వస్తుంది గనుకనే ఆ పేరు. ఖతర్‌లో ఎండాకాలం గడిపిన ప్రతివాడికీ తెలుసు, రాజనర్సుకూ తెలుసు. ఉత్తరపు సందులో దూరి, బోలు బురుజులోకి ఎక్కి, సీసా మూతి దగ్గర ఊదినట్టు ఊదుతోంది. అంతే. కానీ అతని లెక్కలో అది కుబేరుడి దారి. కుబేరుడి దారిలో గాలి కూడా నడుస్తుందని అతనికి ఎందుకు తడుతుంది?

మర్నాడు తిరుమల్ వచ్చాడు. గాలి ఈడ్చి కొడుతున్నా లోపల చీమ చిటుక్కుమనలేదు. రొమ్ము మళ్ళీ చరుచుకున్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు: మొదట్లో కొన్ని రాత్రులు కాకా తోడు పడుకోవాలి. దెయ్యాన్ని నమ్మని మనిషి పక్కన ఉంటే ధైర్యమట. కృష్ణప్రసాద్ గారు మాట మీద నిలబడ్డారు, అదే ఆశ్చర్యం. రాజనర్సు విమానం ఎక్కాడు.

ముహూర్తం తెల్లవారుజామున. అక్కడ కోళ్ళు కూసే వేళకు ఇక్కడ ఇంకా చిమ్మచీకటి. నేనూ తిరుమల్ క్యాబిన్లో మేలుకునే ఉన్నాం. పాలు పొంగేటప్పుడు వీడియో కాల్ చేస్తానని రాజనర్సు మాట ఇచ్చాడు.

చేశాడు. కొత్త పంచె, నుదుట బొట్టు, పొయ్యి పొగకు కళ్ళ నిండా నీళ్ళు. వెనక పసుపు పూసిన గుమ్మం.

"కనపడుతుందా కాకా? ఉత్తరం దిక్కు కిటికీ సూడు, ఎంత పెద్దగ పెట్టిన్నో!"

"మంచిగుంది. ముందు పాలు చూడు," అన్నాను.

"పొంగుతున్నయ్! పొంగుతున్నయ్!" ముత్తవ్వ కేక.

అప్పుడు...

టక్.

తిరుమల్ నా వైపు చూశాడు. ఆ రాత్రి గాలి లేదు. పొద్దున్నుంచీ లేదు.

టక్... టక్.

మేస్త్రీ గోడ గుల్లగా ఉందా అని కొట్టి చూస్తాడే, అలా. తొందర లేకుండా.

"అన్నా..." తిరుమల్ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గొంతు తగ్గించాడు. "ఎవలో కొడుతున్నరే."

"ఏడ?"

"ఉత్తరం దిక్కు. నువ్వు మూసిన కాడ."

అక్కడ పాలు పొయ్యిలోకి పొర్లుతున్నాయి. రాజనర్సు మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలో లేదు.

"లోపట్నుంచా... బయట్నుంచా?"

టక్.

"బయట్నుంచి."



"దెయ్యమైతే తియ్యొద్దు," అన్నాడు రాజనర్సు మెల్లగా. "కుబేరుడైతే తియ్యాలె."

"నాకెట్ల తెలుస్తదే!"

"అడుగుండ్రి మరి," ముత్తవ్వ పక్కనుంచి కసిరింది. "ఇద్దరున్నరు, ఒక్కనికన్న నోరు లేదా?"

తిరుమల్‌కు లేదు. నేను లేచాను. కొత్త సిమెంటు ఆరేటప్పుడు బిగుసుకుని చప్పుడు చేస్తుందని నాకు తెలుసు. హాల్లోకి నడిచి ఆ గోడ ముందు నిలబడ్డాను.

"ఎవరది?" అన్నాను.

టక్.

తెలుగు ఇంగ్లండు దెయ్యానికి రాదేమో అనిపించింది. "హూ?" అన్నాను. ఇది ఖతర్ అని గుర్తొచ్చి, "మీన్?" అని అరబ్బీలో కూడా అడిగాను.

చప్పుడు ఆగిపోయింది.

అది నాకు నచ్చలేదు. సిమెంటు అడిగితే ఆగదు.

గోడకు చెవి ఆనించాను. అటువైపు ఇసుక మీద... మెత్తగా... అడుగులు. గోడ వెంబడే, దిమ్మెలను ఒక్కొక్కటే చుట్టుకుంటూ, బురుజు వైపు పోతున్నాయి. బయట ఆ రాత్రి కూడా కొలిమిలా ఉంది. ఏసీ మాత్రం లోపల ఉంది. దెయ్యం కానీ, కుబేరుడు కానీ — ఎవరైనా ఎంతసేపని బయట నిలబడతారు?

అడుగులు బురుజు మలుపు తిరిగాయి. ఆగాయి.

టక్... టక్... ఈసారి బండ మీద కాదు, చెక్క మీద. పెద్ద తలుపు మీద. తలుపుకు కట్టిన ఎండు మిరపకాయలు గలగలమన్నాయి.

నేను క్యాబిన్ వైపు తిరిగాను. తిరుమల్ ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడియ వేశావా అని అడగబోయాను.

వాడు నన్ను అదే అడగబోతున్నాడు.